కూచిపూడి కళాకారులు: తంజావూరు, మద్రాసు బంధాలు

కూచిపూడి కృష్ణా జిల్లా మొవ్వ మండలంలో, పామర్రు నుంచి చల్లపల్లి వెళ్లే దారిలో ఉన్న ఊరు. ఆ ఊరి పేరే ఒక నాట్యరీతికి పేరైంది. అయితే నేడు దేశవిదేశాల వేదికల మీద కనిపించే కూచిపూడి నాట్యంలో పెద్ద భాగం ఆ ఊళ్లో కాక, అక్కడికి దక్షిణాన నాలుగు వందల కిలోమీటర్ల దూరంలో ఉన్న మద్రాసులో రూపు దిద్దుకుంది. అక్కడికి వెళ్లి పేరు తెచ్చుకున్న భాగవతులు, వారి దగ్గర నేర్చుకున్న తమిళ, తెలుగు నర్తకీమణులు, వారికి పాటలు కట్టిన, రాసిన కృష్ణా తీరపు సంగీతకారులు, రచయితలు ఈ వ్యాసంలో విషయం.

ఒక చిన్న సమాజపు కళ పొరుగు భాషవారి మహానగరంలో నిలదొక్కుకోవడం లోకానికి కొత్త కాదు. ఆర్మీనియన్ స్వరకర్త అరామ్ ఖచతుర్యాన్ (1903–1978) టిఫ్లిస్‌లో పుట్టి, మాస్కోలో చదువుకుని, తన వాళ్ల జానపద బాణీలను రష్యన్ బాలే వేదిక ఎక్కించాడు. 1942లో ప్రదర్శించిన ఆయన ‘గయనే’ బాలే సంగీతం ఆర్మీనియాదా, రష్యాదా అంటే ఒక్క మాటలో చెప్పడం కష్టం. కూచిపూడి కథలో మరో మెలిక ఉంది. మద్రాసు బండెక్కిన తెలుగు భాగవతులు పూర్తిగా పరాయి గడ్డకు పోలేదు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడే దాకా కోస్తా ఆంధ్రకు రాజధాని ఆ నగరమే. అంతకు ఎన్నో తరాల ముందే తెలుగు నాటకం, తెలుగు పదం కావేరి ఒడ్డున కాపురం పెట్టి ఉన్నాయి.

తంజావూరు దారి

కూచిపూడి భాగవతుల గురించి దొరికే పాత ప్రస్తావన మాచుపల్లి కైఫీయతు అనే గ్రామచరిత్రలోనిది. విజయనగర పాలకుడు వీరనరసింహరాయల ఎదుట వారు వేషం కట్టి, సిద్ధవటం సీమలో సమ్మెట గురవరాజు సాగిస్తున్న దురాగతాలను ఆడి చూపించారని అందులో ఉంది. అంటే 16వ శతాబ్ది తొలినాళ్లకే ఈ మేళాలు దూరదేశాలు తిరుగుతున్నాయి. ఊరికి అగ్రహారం దక్కింది గోల్కొండ నవాబు తానీషా వల్లనని, ‘భామాకలాపం’ రాసి దాన్ని ఆడే బాధ్యత ఊరి బ్రాహ్మణ కుటుంబాల మగపిల్లలకు అప్పగించినవాడు సిద్ధేంద్రయోగి అని సంప్రదాయం చెబుతుంది. సిద్ధేంద్రుడి కాలం గురించి, జీవితం గురించి పరిశోధకుల మధ్య ఏకాభిప్రాయం లేదు. ఊరికి మాత్రం ఆయన ఆదిగురువు.

ఆ సంప్రదాయమే సిద్ధేంద్రుడికి గురువుగా నారాయణతీర్థులను చెబుతుంది. ‘శ్రీకృష్ణలీలాతరంగిణి’ కర్త అయిన ఆ యతి తెలుగువాడు, గేయాలు రాసింది సంస్కృతంలో, జీవితంలో ప్రధాన భాగం గడిపింది తంజావూరు ప్రాంతంలోని వరహూరులో. కూచిపూడి నర్తకి ఇత్తడి పళ్లెం అంచుల మీద నిలబడి ఆడే ‘తరంగం’ ఆయన గేయమే. ఈ నాట్యానికి గుర్తుగా లోకమంతా చెప్పుకునే అంశానికి సాహిత్యం కావేరి ఒడ్డు నుంచి వచ్చిందన్న సంగతి చాలామంది పట్టించుకోరు.

కూచిపూడికి కూతవేటు దూరంలో మొవ్వ ఉంది. మువ్వగోపాల ముద్రతో పదాలు చెప్పిన క్షేత్రయ్య ఆ ఊరివాడని నమ్మకం. 17వ శతాబ్దిలో ఆయన తంజావూరు ఏలిక విజయరాఘవ నాయకుడి కొలువులో మన్ననలు అందుకున్నాడు. విజయరాఘవుడు కూడా తెలుగులో యక్షగానాలు రాసిన కవే. ఆ పదాలు తమిళనాట దేవదాసీల ఇళ్లలో తల్లి నుంచి కూతురికి నడిచి బతికాయి. మొవ్వలో వినపడడం మానేసిన పదం తంజావూరు వీధుల్లో నిలిచి, మళ్లీ ఇరవయ్యో శతాబ్దంలో మద్రాసు కచేరీల మీదుగా తెలుగువాళ్ల చెవిన పడింది.

తెలుగు నాటకం అక్కడ నిలిచిన తావు మెలట్టూరు. నాయకరాజు అచ్యుతప్ప కొన్ని వందల బ్రాహ్మణ కుటుంబాలకు అగ్రహారంగా ఇచ్చిన ఊరు అది. మరాఠా ప్రభువుల కాలంలో మెలట్టూరు వెంకటరామశాస్త్రి అక్కడ ప్రహ్లాద చరిత్రము మొదలైన నాటకాలను తెలుగులో రచించాడు. ఏటా నృసింహ జయంతికి వాటిని ఆడతారు. పాత్రలన్నీ మగవాళ్లే వేస్తారు. నరసింహస్వామి ముఖపు తొడుగుకు పూజ చేసి కానీ దాన్ని ధరించరు. చుట్టూ వినిపించే భాష తమిళం, రంగం మీద దరువు తెలుగు. ప్రవేశ దరువులు, తెర పట్టడం, మగవాళ్లే ఆడవేషాలు కట్టడం చూసినవారికి కూచిపూడి గుర్తు రాక మానదు. రెండింటికీ తేడా జీవనంలో ఉంది. మెలట్టూరు వారిది స్వామికి ఏడాదికోసారి చెల్లించే మొక్కు. కూచిపూడి వారిది పొట్ట చేతపట్టుకుని ఊరూరా తిరిగే వృత్తి. ఆ తిరుగుడు అలవాటే తర్వాత వాళ్లను మద్రాసు దాకా తీసుకెళ్లిందని అనుకోవచ్చు.

మేళం నుంచి కచేరీకి

పాత కూచిపూడి మేళం అంటే ఒక నాటక సమాజం. సూత్రధారుడు తాళం పట్టి నట్టువాంగం చేస్తాడు, కథ నడుపుతాడు, మధ్యమధ్య పాత్రలతో సరసమాడతాడు. వేషధారి తన పాట తానే పాడతాడు, తన మాట తానే చెబుతాడు. భామవేషం కట్టినవాడు తెర మీదుగా పొడవాటి జడ వదిలి సభలోని పండితులను సవాలు చేయడం, ఆ వేషానికి దమ్ము ఎంతో చెప్పే ఆనవాయితీ. చింతా వెంకటరామయ్య (1860–1949) తన పేరిట వెలసిన వెంకటరామ నాట్యమండలి ద్వారా యక్షగానాలను దిద్దితీర్చి ఆడించాడు. ఆ సమాజాన్ని తర్వాత నడిపిన చింతా కృష్ణమూర్తికి 1968లో కేంద్ర సంగీత నాటక అకాడమీ పురస్కారం వచ్చింది.

రాత్రంతా సాగే ఈ నాటకం నుంచి ఒక్కరే ఆడదగిన ముక్కలను వేరుచేసి, కచేరీకి సరిపడే రూపం ఇచ్చినవాడు వేదాంతం లక్ష్మీనారాయణశాస్త్రి (1886–1956). మద్రాసు బంధానికి అసలు తలుపు తీసిందీ ఆయనే. శబ్దాలు, పదాలు, జావళీలు, శ్లోకాలు పట్టుకుని కూర్చున్న చోటే గంటల తరబడి అభినయించగల దిట్ట ఆయన. ఒకే పాదానికి పది రకాల సంచారి భావాలు అప్పటికప్పుడు అల్లేవాడు. తంజావూరు సంప్రదాయానికి పట్టుగొమ్మ అయిన బాలసరస్వతి (1918–1984) అంతటి నర్తకి ఆయన దగ్గర అభినయం నేర్చుకుంది. భరతనాట్యపు మహానర్తకికి కూచిపూడి భాగవతుడు గురువు కావడం నేటివారికి వింతగా తోచవచ్చు. నాట్యాలకు రాష్ట్రాల వారీగా హద్దులు గీయక ముందు అందులో వింతేమీ లేదు. ఆయన చేతిలో ఉన్నవి క్షేత్రయ్య పదాలు, ఆమె ఇంట్లో తరతరాలుగా ఉన్నవీ అవే.

లక్ష్మీనారాయణశాస్త్రి ఆడవాళ్లకు నేర్పాడు. మగవారే ఆడాలని సిద్ధేంద్రుడు ఒట్టు వేయించుకున్నాడని నమ్మే ఊళ్లో ఇది చిన్న విషయం కాదు. ఇక్కడ మరో మాట చెప్పాలి. కోస్తా ఆంధ్రలో భామాకలాపం, గొల్లకలాపం బ్రాహ్మణ మేళాల సొత్తు మాత్రమే కావు. కలావంతుల, అంటే తెలుగునాటి దేవదాసీల, కుటుంబాల స్త్రీలు వాటిని ఆడేవారు, గొప్పగా ఆడేవారు. దేవదాసీ వ్యవస్థ మీద సాగిన ఉద్యమం, 1947 నాటి మద్రాసు దేవదాసీ నిషేధ చట్టం తర్వాత వారికి వేదిక పోయింది. మధ్యతరగతి ఇళ్ల అమ్మాయిలు కూచిపూడి గురువుల దగ్గర చేరిన కాలమూ దాదాపు అదే. ‘కూచిపూడిలోకి స్త్రీలు కొత్తగా వచ్చారు’ అనే వాక్యం తెలుగు పుస్తకాల్లో తరచు కనిపిస్తుంది. కూచిపూడి ఊరి మేళాల వరకే అది నిజం. కలాపాల చరిత్ర మొత్తానికి అన్వయిస్తే కలావంతుల వాటాను చెరిపేసినట్టు అవుతుంది.

సినిమా వాకిట

భాగవతులను పెద్దఎత్తున మద్రాసుకు రప్పించింది సభలు కావు, సినిమా. 1939లో గూడవల్లి రామబ్రహ్మం తీసిన ‘రైతుబిడ్డ’లో ఇరవై ఏళ్ల వేదాంతం రాఘవయ్య దశావతార నృత్యం చేశాడు. ఆ చిత్రాన్ని నిర్మించిన సారథి ఫిలిమ్స్ వెనుక ఉన్నది కూచిపూడికి ఇరుగుపొరుగైన చల్లపల్లి రాజా. తానే జమీందారైన మనిషి జమీందారీ వ్యతిరేక చిత్రానికి డబ్బు పెట్టడం, దాన్ని కొన్ని ప్రాంతాల్లో నిషేధించడం తెలుగు సినిమా చరిత్రలో చెప్పుకునే విశేషం. కృష్ణా డెల్టా పొలాల డబ్బు, డెల్టా భాగవతుల విద్య ఒకే రైలెక్కి మద్రాసు చేరాయని దీన్నిబట్టి తెలుస్తుంది.

సినిమావాళ్లకు కూచిపూడి మనుషులు ఎందుకు పనికొచ్చారో ఊహించడం కష్టం కాదు. వారికి తాళం వచ్చు, పాట వచ్చు, మాట విరుపు వచ్చు. చిన్నప్పటి నుంచి ఆడవేషాలు కట్టినవాళ్లు కాబట్టి కథానాయికకు నడక, చూపు, అలక తామే చేసి చూపగలరు. నాట్యం అసలే రాని తారకు రెండు రోజుల్లో పాట ఒప్పించాల్సి వస్తే, వేషధారికి ఉన్న ఈ ఒడుపు తాళం వేసి నాట్యం చెప్పే నట్టువనారుకు ఉండదు.

రాఘవయ్య (1919–1971) నృత్య దర్శకత్వం దగ్గర ఆగలేదు. మిత్రులతో కలిసి వినోదా సంస్థలో భాగస్వామి అయ్యాడు. 1953లో ‘దేవదాసు’ను తెలుగు, తమిళ భాషల్లో తీశాడు. ‘అనార్కలి’, ‘చిరంజీవులు’, ‘సువర్ణసుందరి’ ఆయనవే. సువర్ణసుందరి తమిళంలో ‘మణాళనే మంగైయిన్ భాగ్యం’గా వచ్చింది, హిందీకీ వెళ్లింది. 1960లో ‘అడుత్త వీట్టు పెణ్’ అనే తమిళ హాస్యచిత్రాన్ని కూడా తీశాడు. భాగవతుల ఇంటి పిల్లవాడు తమిళ ప్రేక్షకులను నవ్వించే సినిమా తీసే దాకా వెళ్లడం ఈ బంధానికి ఒక కొస. మరో కొస 1967లో వచ్చిన ‘రహస్యం’లో కనిపిస్తుంది. అందులో కృష్ణా జిల్లా రచయిత మల్లాది రామకృష్ణశాస్త్రి రాసిన ‘గిరిజాకల్యాణం’ యక్షగానాన్ని, ఘంటసాల సంగీతంతో, పాత మేళం పద్ధతిలో పెట్టాడు. సినిమా ఆర్థికంగా దెబ్బతింది. యక్షగానం మాత్రం నిలిచింది. ఊరి మేళం ఆడే తీరును వినాలనుకునేవారు ఇప్పటికీ దాన్ని వెతుక్కుంటారు.

పసుమర్తి కృష్ణమూర్తి (1925–2004) విజయా, వాహినీ సంస్థల నృత్య దర్శకుడు. ‘పాతాళభైరవి’, ‘మల్లీశ్వరి’, ‘మాయాబజార్’ ఆయన కూర్చిన నృత్యాలతో వచ్చాయి. మాయాబజార్ 1957లో తెలుగులోనూ తమిళంలోనూ విడుదలైంది గనుక, శశిరేఖ రూపం దాల్చి ఘటోత్కచుడు చేసే ఆట రెండు భాషలవాళ్లనూ ఒకేలా నవ్వించింది. ఆడరూపంలో మగవాడు తొంగిచూసే ఆ పాటను కూర్చినవాడు, మగవాడే భామ అయ్యే ఊరి నుంచి వచ్చాడని గుర్తుంచుకుంటే అందులోని ప్రతి భంగిమ మరింత రుచిస్తుంది. వెంపటి పెదసత్యం కూడా ఇదే దారిలో మద్రాసు చేరి సినిమాల్లో స్థిరపడ్డాడు. సొంత ఊరి కుర్రవాళ్లకు నగరంలో తల దాచుకునే చోటు చూపింది ఇలాంటి పెద్దవాళ్లే.

శాస్త్రీయమా, కాదా

1958లో కేంద్ర సంగీత నాటక అకాడమీ ఢిల్లీలో నాట్య సదస్సు జరిపింది. కొత్త దేశం తన శాస్త్రీయ నాట్యాల జాబితా రాసుకుంటున్న రోజులవి. భౌతికశాస్త్ర ఆచార్యుడు, క్షేత్రయ్య పదాలను పరిష్కరించిన విస్సా అప్పారావు కూచిపూడి తరఫున అక్కడ వాదన వినిపించాడు. కూచిపూడి విడిగా నిలిచే శాస్త్రీయ నాట్యమా, లేక భరతనాట్యానికి ఒక శాఖా అన్న వివాదం రేగింది. తెలుగువాళ్లకు పౌరుషం వచ్చింది. మరుసటి ఏడాది, 1959లో, ఆంధ్రప్రదేశ్ సంగీత నాటక అకాడమీ హైదరాబాదులో సదస్సు పెట్టి, ప్రదర్శనలతో సహా, కూచిపూడి స్వతంత్ర శాస్త్రీయ సంప్రదాయమని చాటింది. ఏలూరు న్యాయవాది, రంగస్థల నటుడు బందా కనకలింగేశ్వరరావు (1907–1968) ఈ పోరులో ముందున్నాడు. ఊళ్లో సిద్ధేంద్ర కళాక్షేత్రం వెలిసింది ఆయన పూనికతోనే.

ఈ వివాదంలో ఒక చమత్కారం ఉంది. కూచిపూడి భరతనాట్యం కాదని రుజువు చేయడానికి ఎంచుకున్న కొలతలు భరతనాట్యానివే. ఏకపాత్ర కచేరీ, శాస్త్రగ్రంథాల ఆధారం, అడుగుల క్రమం, కర్ణాటక సంగీతం ఉన్నాయని చూపిస్తేనే శాస్త్రీయం. మద్రాసులో 1930ల నుంచి ఇ. కృష్ణ అయ్యర్, మద్రాసు మ్యూజిక్ అకాడమీ, రుక్మిణీదేవి అరండేల్ కళాక్షేత్ర కలిసి దేవదాసీల సదిరాటకు భరతనాట్యమనే గౌరవం కట్టబెట్టిన తీరు అప్పటికే అందరి కళ్లముందు ఉంది. మెలట్టూరు భాగవత మేళం మళ్లీ పండితుల దృష్టికి రావడంలోనూ కృష్ణ అయ్యర్ చెయ్యి ఉంది. మాటలు చెప్పే, హాస్యమాడే, రాత్రంతా సాగే మేళం ఆ కొలబద్దకు ఒదగదు. ఒదిగే కూచిపూడి ఒకటి కావాల్సి వచ్చింది. దాన్ని తయారుచేసే సరంజామా, గురువులు, శిష్యురాళ్లు మద్రాసులోనే ఉన్నారు.

మదనపల్లెలో పుట్టి చిదంబరంలో పెరిగి, కళాక్షేత్రలో భరతనాట్యం నేర్చిన యామినీ కృష్ణమూర్తి (1940–2024) వేదాంతం లక్ష్మీనారాయణశాస్త్రి, చింతా కృష్ణమూర్తి, పసుమర్తి వేణుగోపాలకృష్ణశర్మల దగ్గర కూచిపూడి అభ్యసించింది. దాన్ని ఢిల్లీకి, అక్కడి నుంచి విదేశాలకు తీసుకెళ్లింది. మద్రాసులో పుట్టిన ఇంద్రాణీ రెహమాన్‌కు కోరాడ నరసింహారావు గురువు, సహనర్తకుడు. ఊరు దాటి దేశానికి కూచిపూడి పేరు చేర్చిన తొలితరం నర్తకీమణుల్లో ఈ ఇద్దరూ ముఖ్యులు. ఇద్దరి ఒంట్లోనూ భరతనాట్యం ముందే స్థిరపడి ఉంది.

చినసత్యం అకాడమీ

వెంపటి చినసత్యం (1929–2012) కూచిపూడిలోనే పుట్టాడు. తాడేపల్లి పేరయ్యశాస్త్రి, వేదాంతం లక్ష్మీనారాయణశాస్త్రి దగ్గర, ఆ పైన పెదసత్యం దగ్గర నేర్చాడు. 1940ల చివర మద్రాసు చేరాడు. తోటివాళ్లలా కొంతకాలం సినిమాల్లో పని చేశాడు. కానీ ఆయన మనసు బడి మీద ఉంది. 1963లో మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ ప్రారంభించాడు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడి ఏడేళ్లయ్యాక కూడా తెలుగు నాట్యపు అతి ముఖ్యమైన పాఠశాల తమిళనాడు రాజధానిలో పుట్టిందంటే, ఆ నగరం మీద తెలుగు కళకు ఎంత ఆనుపు ఉండేదో తెలుస్తుంది.

ఆయన చేసిన పని ఒక్క ముక్కలో చెప్పదగింది కాదు. ముందుగా అడుగులను వరుసలో పెట్టాడు. ఊళ్లో పిల్లవాడు ఇంట్లో పెద్దల్ని చూస్తూ, మేళంలో చిన్న వేషాలు కడుతూ నేర్చేవాడు. నగరంలో సాయంత్రం గంట సేపు వచ్చే అమ్మాయికి ఆ పద్ధతి కుదరదు. పాఠం చిన్నదిగా, క్రమంగా, మళ్లీ మళ్లీ చేయదగినదిగా ఉండాలి. తర్వాత శరీర రేఖను సవరించాడు. కూచిపూడికి సహజమైన తూగు, ఒయ్యారం ఉంచుతూనే కూర్చునే భంగిమకు, చేతుల చాపుకు కచ్చితత్వం తెచ్చాడు. వేషధారి నోట పాట తీసేసి, పక్కన కూర్చున్న గాయకులకు ఇచ్చాడు. మాటలు తగ్గించాడు. సూత్రధారుడి హాస్యం కుదించాడు. అలా రాత్రంతా సాగే యక్షగానం రెండు, రెండున్నర గంటల నృత్యనాటిక అయింది.

‘శ్రీకృష్ణపారిజాతం’, ‘క్షీరసాగరమథనం’, ‘పద్మావతీ శ్రీనివాస కల్యాణం’, ‘హరవిలాసం’, ‘విప్రనారాయణ’, టాగూర్ రచన ఆధారంగా ‘చండాలిక’ మొదలైనవి ఆయన కూర్చినవి. వీటిలో చాలావాటికి పాటలు రాసింది కావలి జవహర్ భారతిలో తెలుగు చెప్పిన ఎస్.వి. భుజంగరాయశర్మ. సంగీతం పట్రాయని సంగీతరావు (1920–2021). సాలూరు గురువు పట్రాయని సీతారామశాస్త్రి కొడుకైన సంగీతరావు, తండ్రి శిష్యుడైన ఘంటసాలకు సినీ సంగీతంలో సహాయకుడిగా మద్రాసులో స్థిరపడి, తర్వాత అకాడమీకి స్వరకర్త అయ్యాడు. చినసత్యం నృత్యనాటికల గొప్పతనంలో ఈ ఇద్దరి వాటా దక్కాల్సినంతగా దక్కలేదు. భుజంగరాయశర్మ మాట నాట్యానికి అడ్డు పడకుండా నడుస్తుంది. సంగీతరావు రాగం పాత్ర మనసు మారినప్పుడల్లా తానూ మారుతుంది. నర్తకి పాడని లోటు ప్రేక్షకుడికి తెలియకపోవడానికి వీరిద్దరే కారణం.

శిష్యుల్లో శోభానాయుడు (1956–2020) సత్యభామగా, పద్మావతిగా పేరు పొంది, హైదరాబాదులో సొంత అకాడమీ నడిపింది. హేమమాలిని, ‘శంకరాభరణం’ ద్వారా అందరికీ తెలిసిన మంజుభార్గవి కూడా ఆయన దగ్గర నేర్చినవారే. సత్యభామ పాత్ర మగవాడి నుంచి స్త్రీకి పూర్తిగా బదిలీ అయింది ఈ అకాడమీ వేదికల మీదనే. చినసత్యానికి 1998లో పద్మభూషణ్ వచ్చింది. 2012 జూలై 29న చెన్నైలో కన్నుమూశాడు.

‘చినసత్యం కూచిపూడిని భరతనాట్యం చేశాడు’ అన్న ఆక్షేపణ ఊళ్లోనూ బయటా వినిపించింది. ‘ఆయన లేకపోతే కూచిపూడే లేదు’ అనే అభిమానులూ ఉన్నారు. రెండూ అతిశయోక్తులే. మెరుగుపెట్టడంలో ఆయన వాచికాన్ని, అంటే వేషధారి నోటి మాటను, వదులుకున్నాడు, అది నష్టమే. మేళంలో చెప్పే ఛలోక్తికి, సూత్రధారుడితో భామ వాదులాటకు నృత్యనాటికలో చోటు చాల్లేదు. కానీ ఊరి బయట పుట్టిన అమ్మాయి కూచిపూడి నేర్వడానికి ఒక దారంటూ ఏర్పడింది ఆయన పాఠక్రమం వల్లే.

కృష్ణా తీరపు పాట, మాట

నాట్యం వెంట నడిచిన సంగీతానికి, సాహిత్యానికి కూడా ఇదే దారి. కూచిపూడికి దూరం కాని పెదకళ్లేపల్లిలో సుసర్ల దక్షిణామూర్తిశాస్త్రి ఉండేవాడు. త్యాగరాజ శిష్యుడు మానంబుచావడి వెంకటసుబ్బయ్య దగ్గర తంజావూరు సీమలో సంగీతం నేర్చి, దాన్ని కృష్ణాతీరానికి తెచ్చాడు. ఆయన శిష్యుడు పారుపల్లి రామకృష్ణయ్య పంతులు విజయవాడలో గురుకులం నడిపాడు. పంతులుగారి శిష్యుడు మంగళంపల్లి బాలమురళీకృష్ణ (1930–2016). విజయవాడ సంగీత కళాశాలకు తొలి ప్రిన్సిపాల్‌గా పనిచేసి, ఆపై మద్రాసులో స్థిరపడ్డాడు. త్యాగరాజు నుంచి లెక్కిస్తే ఆ విద్య తంజావూరు నుంచి కృష్ణకు వచ్చి, కృష్ణ నుంచి తిరిగి తమిళనాటి సభలకు చేరింది.

అదే పెదకళ్లేపల్లి నుంచి వచ్చిన వేటూరి ప్రభాకరశాస్త్రి (1888–1950) మద్రాసు ప్రాచ్యలిఖిత పుస్తక భాండాగారంలో పనిచేసి, తెలుగు తాళపత్రాలను వెలికితీశాడు. ఆ ఇంటి పిల్లవాడే సినీకవి వేటూరి సుందరరామమూర్తి. గుడివాడ దగ్గరి చౌటపల్లిలో పుట్టిన ఘంటసాల విజయనగరం వెళ్లి సంగీతం నేర్చి మద్రాసు చేరాడు. మల్లాది రామకృష్ణశాస్త్రి మద్రాసు పానగల్ పార్కు బెంచీ మీద కూర్చుని ఎందరో యువ రచయితలకు పాఠం చెప్పినంత పని చేశాడు. ‘కృష్ణాతీరం’ రాసిన ఆ కథకుడికి భాగవతుల పలుకుబడి పుట్టుకతో తెలుసు. గిరిజాకల్యాణం ఆయన చేతిలో అంత సహజంగా కుదరడానికి అదే కారణం.

ఊళ్లో నిలిచినవారు

అందరూ వెళ్లలేదు. వేదాంతం సత్యనారాయణశర్మ (1935–2012) జీవితమంతా స్త్రీవేషానికే అంకితమైనవాడు. అన్న వేదాంతం ప్రహ్లాదశర్మ దగ్గర మొదలుపెట్టి, సత్యభామగా, ఉషగా దేశమంతా పేరు తెచ్చుకున్నాడు. 1961లో, ఇంకా ముప్పై దాటకుండానే, కేంద్ర సంగీత నాటక అకాడమీ పురస్కారం, 1970లో పద్మశ్రీ అందుకున్నాడు. ఆయన భామ మాట్లాడుతుంది, పాడుతుంది, కోపగించుకుంటుంది. మద్రాసు నృత్యనాటికలో భామ ఆడుతుంది. ఇద్దరు భామలూ ఒకే కాలంలో, ఒకే పేరున్న కళలో, రెండు వేర్వేరు వేదికల మీద బతికారు. స్త్రీవేషం కట్టే ఈ ఊరి మగవాళ్ల గురించీ, చెన్నై అకాడమీలో ఆ పాత్రలు స్త్రీలకు మారిన తీరు గురించీ హర్షిత మృత్యింటి కామత్ 2019లో ఒక పరిశోధన గ్రంథం వెలువరించింది.

సిద్ధేంద్ర పేరిట ఊళ్లో ఉన్న కళాపీఠం తెలుగు విశ్వవిద్యాలయం అధీనంలోకి వచ్చాక, అక్కడి విద్యార్థులు యక్షగానంతో పాటు ఏకపాత్ర కచేరీ అంశాలనూ అభ్యసిస్తున్నారు. సంప్రదాయాన్ని తెరమీదికి తెచ్చిన జంధ్యాల ‘ఆనందభైరవి’ (1983) ఆడపిల్లకు విద్య చెప్పిన కూచిపూడి గురువును ఊరు వెలివేసే కథ. తీరా ఆ సినిమా వచ్చేసరికి మద్రాసులో అమ్మాయిలకు నేర్పడం మొదలై తరం దాటింది.

ఈలోగా మద్రాసు బడి విదేశాలకూ పాకింది. చినసత్యం శిష్యురాళ్లు హ్యూస్టన్, అట్లాంటా నగరాల్లో బడులు పెట్టారు. అమెరికా తెలుగువారి సిలికానాంధ్ర సంస్థ అంతర్జాతీయ కూచిపూడి సమ్మేళనాలు జరిపింది. 2010 డిసెంబరు 26న హైదరాబాదులో సుమారు 2,800 మంది ఒకేసారి నర్తించి గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కారు. అందుకు ఎంచుకున్న అంశం హిందోళ రాగ తిల్లానా. తిల్లానా పాత యక్షగానంలో లేదు, కలాపంలో లేదు. తంజావూరు ఆస్థాన నట్టువనార్లైన సోదరులు స్థిరపరచిన భరతనాట్య కచేరీ క్రమంలో చివర వచ్చేది అది, మద్రాసు మీదుగా కూచిపూడి కచేరీలో చేరింది. ఆ రోజు ఆడిన వేలమందిలో ఎవరికీ అది పరాయిగా తోచి ఉండదు.